ఫోను తొండి ఆడుతోందా?

వేలితో గీసి గోల్ కొట్టే ఆట ఆడేవాళ్లందరిదీ ఒకటే ఫిర్యాదు. "ఇందాక ఇలాగే కొట్టా, గోల్ పడింది. ఇప్పుడూ అలాగే కొట్టా, గోలీ పట్టేశాడు. తొండి!" సిటీ బస్సులో పక్క సీటు కుర్రాడైనా, లంచ్ టైములో ఆఫీసు మెట్ల మీద కూర్చున్న పెద్దమనిషైనా అనేది ఇదే. చేతిలో ఇమిడే యంత్రం మన మీద కక్ష కట్టిందని మనస్ఫూర్తిగా నమ్మే సందర్భాలు ఎక్కువ లేవు. ఇది వాటిలో ఒకటి.

ఈ తరహా ఆటలు టచ్ ఫోన్లు వచ్చాకే పుట్టాయి. న్యూజిలాండ్‌కు చెందిన పిక్‌పాక్ సంస్థ 2010లో తెచ్చిన 'ఫ్లిక్ కిక్ ఫుట్‌బాల్'లో చేయాల్సిందల్లా బంతిని వేలితో గోల్ వైపు నెట్టడమే. 2015లో వచ్చిన 'స్కోర్! హీరో'లో బంతి ఏ దారిన పోవాలో ఆ దారిని తెర మీద గీయాలి. బటన్ల గోల లేదు, పదకొండు మందిని ఒకేసారి నడిపించే బాధ లేదు. మెట్రో తర్వాతి స్టేషన్‌కి చేరేలోపు నాలుగైదు కిక్కులు కొట్టేయొచ్చు. ఆట ఇంత చిన్నది కాబట్టే దాన్ని విప్పి లోపల ఏముందో చూడటం తేలిక.

సంగతి ముందే చెప్పేస్తాను. తొండి ఉంది. కాకపోతే అందులో చాలా భాగం మీకు అనుకూలంగానే జరుగుతోంది.

ఒక్క మిల్లీమీటరు

ముందు ఆ "అలాగే కొట్టా" అన్న మాట సంగతి చూద్దాం.

ఫోను అద్దం అడుగున అడ్డంగా, నిలువుగా కంటికి ఆనని సన్నటి విద్యుత్ గీతలు ఉంటాయి. వీటిని చాలాకాలంగా ఇండియం టిన్ ఆక్సైడ్‌తో వేస్తున్నారు. అది వెలుగుకు అడ్డురాదు, కరెంటును మాత్రం పోనిస్తుంది. అడ్డగీత నిలువుగీతను దాటే ప్రతి చోటా కొద్దిపాటి విద్యుదావేశం నిలిచి ఉంటుంది. మన ఒంట్లో ఎక్కువ భాగం ఉప్పునీరే కాబట్టి మన గుండా కూడా కరెంటు పారుతుంది. వేలు దగ్గరకు రాగానే ఆ చోటున్న ఆవేశంలో కొంత వేలి వైపు మళ్లుతుంది. ఎక్కడ ఎంత తగ్గిందో ఒక చిప్ అదేపనిగా కొలుస్తూ ఉంటుంది. ఎంత గట్టిగా నొక్కారన్నది దానికి అనవసరం. గోటి కొనతో ఎంత పొడిచినా పలకదు, ఎందుకంటే గోరు కరెంటును పోనివ్వదు. అదే టమాటా ముక్కను చేత్తో పట్టుకుని రుద్దితే గోల్ కొట్టొచ్చు. తర్వాత అద్దం తుడుచుకునే పని మీది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఇంగ్లండ్‌లోని మాల్వెర్న్‌లో రాయల్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేసిన ఇ.ఎ. జాన్సన్ 1965లోనే దీన్ని ప్రచురించాడు. ఆయన దృష్టిలో ఉన్నది విమానాల రాకపోకలను అదుపుచేసే సిబ్బంది. పెనాల్టీ కిక్కులు ఆయన ఊహలో ఉండి ఉండవు.

ఇక్కడ ఒక చిక్కుంది. వేలి కొన అద్దానికి ఆనే మేర ఇంచుమించు సెంటీమీటరు వెడల్పు ఉంటుంది. గీతల మధ్య ఎడం నాలుగైదు మిల్లీమీటర్లు. అంటే ఒకే వేలు ఒకేసారి చాలా కూడళ్లను కప్పేస్తుంది. ఏ కూడలి దగ్గర ఆవేశం ఎంత తగ్గిందో చూసుకుని, వాటన్నిటి మధ్యబిందువును లెక్కకట్టి, "వేలు ఇక్కడుంది" అని చిప్ తీర్మానిస్తుంది. ఇలా సెకనుకు 120 సార్లో 240 సార్లో చేస్తుంది. విసురుగా గీసే గీత సెకనులో ఏడో వంతు కూడా పట్టదు. సెకనుకు 120 సార్ల లెక్కన మీరు గీసిన వయ్యారపు వంపు ఆటకు అందేసరికి మహా అయితే ఓ పదిహేడు చుక్కలు, అంతే. చేతికి చెమట పట్టినా, అద్దం మీద వాన చినుకు పడినా చుక్కలు చెదురుతాయి. చివరి రెండు మూడు చుక్కలైతే ఎప్పుడూ అనుమానాస్పదమే. వేలు పైకి లేస్తున్నప్పుడు అద్దానికి ఆనే భాగం కుంచించుకుపోయి, మధ్యబిందువు ఓ పక్కకు జారుతుంది. అనుభవమున్న ప్రోగ్రామర్లు ఆ చివరి చుక్కలను నమ్మరు, తీసి పక్కన పెడతారు.

ఇప్పుడు చిన్న లెక్క. మీ గీత పొడవు మూడు సెంటీమీటర్లు అనుకుందాం. గీత చివర ఒక్క మిల్లీమీటరు పక్కకు పోతే దిశ దాదాపు రెండు డిగ్రీలు మారుతుంది. ఫ్రీకిక్ కొట్టే చోటు గోల్‌కు 25 మీటర్ల దూరంలో ఉంటే, ఆ రెండు డిగ్రీలూ గోల్ దగ్గరకు వచ్చేసరికి 80 సెంటీమీటర్లకు పైగా తేడా అవుతాయి. గోల్‌పోస్టు లోపలి అంచుకూ, జనం కూర్చున్న గ్యాలరీకీ మధ్య అంత తేడా చాలు. ఏ మనిషీ మిల్లీమీటరు తేడా లేకుండా ఒకే గీతను రెండుసార్లు గీయలేడు. "అలాగే" కొట్టడం అన్నది అసలు జరగదు.

మీరు గీసింది కాదు, గీయాలనుకున్నది

చుక్కలు అందాక ఆట వాటి నుంచి మూడు సంగతులు పిండుకుంటుంది. మొదటి చుక్క నుంచి చివరి చుక్కకు ఒక తిన్నని గీత గీస్తే అది దిశ. ఆ దూరాన్ని ఎంతసేపట్లో దాటారన్నది బలం. మధ్య చుక్కలు ఆ తిన్నని గీతకు ఎంత ఎడంగా, ఏ పక్కకు ఉబ్బాయన్నది స్పిన్. మీ చేతి నైపుణ్యం మొత్తం ఈ మూడింటిలోకి దిగిపోతుంది.

మూడు అంకెలనూ ఉన్నవి ఉన్నట్టు వాడితే ఆట ఎవరికీ పనికిరాదు. ఇందాకటి మిల్లీమీటరే చాలు, చాలా కిక్కులు బయటికే పోతాయి. కాబట్టి ఆట సర్దుబాటు చేస్తుంది. మరీ మెల్లగా గీస్తే బలాన్ని కాస్త పెంచుతుంది, మరీ విసురుగా గీస్తే తగ్గిస్తుంది. గీత గోల్ మూలకు దగ్గరగా పోతుంటే ఇంకొంచెం మూల వైపే లాగుతుంది. డిజైనర్లు దీన్ని ఎయిమ్ అసిస్ట్ అంటారు. మీరు గీసినదాన్ని వదిలేసి, మీరు గీయబోయినదేమిటో ఊహించి దానికి ఫలితం ఇవ్వడమే దీని పని. సర్దుబాటు మితంగా ఉంటే "నా చేయి తిరిగింది" అనుకుంటాం. మోతాదు పెరిగితే ఐదు నిమిషాల్లో విసుగొచ్చి ఫోను పక్కన పడేస్తాం. మంచి ఆటకూ చెడ్డ ఆటకూ తేడా తేలేది, నా ఉద్దేశంలో, గ్రాఫిక్స్ దగ్గర కాదు, ఇక్కడ.

బంతి సైజులోనూ మతలబు ఉంది. నిజమైన గోల్ వెడల్పు 7.32 మీటర్లు, బంతి అడ్డుకొలత 22 సెంటీమీటర్లు. తెర మీద గోల్‌ను ఐదు సెంటీమీటర్ల వెడల్పున చూపిస్తే, గోల్ చేరిన బంతి ఒకటిన్నర మిల్లీమీటర్లే ఉండాలి. బస్సు కుదుపుల్లో దాన్ని ఎవరు చూడగలరు? అందుకే బంతిని ఉండాల్సినదానికంటే పెద్దదిగా గీస్తారు.

> బాక్స్: బంతి గాల్లో ఎందుకు వంగుతుంది?
>
> 1997 జూన్ 3, ఫ్రాన్స్‌లోని లియాన్. గోల్‌కు దాదాపు 35 మీటర్ల దూరం నుంచి బ్రెజిల్ ఆటగాడు రాబర్టో కార్లోస్ ఎడమ కాలి బయటి అంచుతో ఫ్రీకిక్ కొట్టాడు. అడ్డుగోడలా నిలబడ్డ ఆటగాళ్లకు కుడి పక్కగా, బయటికి పోతున్నట్టే వెళ్లిన బంతి చివర్లో ఎడమకు తిరిగి, పోస్టును రాసుకుని లోపల పడింది. ఫ్రాన్స్ గోలీ ఫాబియన్ బార్తెజ్ ఉన్నచోటు నుంచి కదల్లేదు.
>
> ఆ బంతి ముందుకు పోతూనే తన చుట్టూ తాను తిరుగుతోంది. పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిశలో. అలా తిరిగేటప్పుడు బంతి ఎడమ చెంప, ఎదురొచ్చే గాలి పోయే దిశలోనే కదులుతుంది. కుడి చెంప ఆ గాలికి ఎదురు కదులుతుంది. ఫలితంగా బంతిని దాటుకుని వెనక్కు పోయే గాలి మొత్తం కాస్త కుడి పక్కకు మళ్లుతుంది. గాలిని కుడికి నెట్టిన బంతి తాను ఎడమకు జరగాల్సిందే. 1852లో ఈ ప్రభావాన్ని వివరించిన జర్మన్ శాస్త్రవేత్త హైన్రిక్ మాగ్నస్ పేరే దీనికి ఉంది. టెన్నిస్ బంతి వంగడాన్ని న్యూటన్ అంతకు 180 ఏళ్ల ముందే గమనించాడు.
>
> వేగం తగ్గేకొద్దీ స్పిన్ చూపించే ప్రభావం పెరిగి వంపు ఇంకా బిగుస్తుందని ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్తలు 2010లో లెక్కగట్టి చూపించారు. కార్లోస్ బంతి ఆఖరి క్షణంలో అంత తిరగడానికి కారణం అదే. అంత దూరం నుంచి అంత బలంగా కొట్టగలిగితేనే ఆ వంపు కంటికి కనిపిస్తుంది. ఫోను ఆటలో ఆ తిప్పలు లేవు. 20 మీటర్ల నుంచే కార్లోస్‌ను మించిన వంపు ఇస్తారు.

పోస్టులోంచి దూరిపోయే బంతి

తెర మీద బంతి జారుతూ పోతున్నట్టు కనిపిస్తుంది కానీ అది నిజంగా ప్రయాణించడం లేదు. చాలా ఫోన్లు సెకనుకు 60 బొమ్మలు చూపిస్తాయి. రెండు బొమ్మల మధ్య బంతి ఎక్కడా ఉండదు. తొక్కుడుబిళ్ల ఆడే పిల్ల ఒక గడిలోంచి ఇంకో గడిలోకి గెంతుతుంది చూడండి, మధ్యలో గీత తొక్కదు. ఫోనులో బంతి నడక అదే.

గెంతు ఎంత పొడవు? గట్టి కిక్‌కు బంతి సెకనుకు 30 మీటర్లు పోతుందనుకుంటే, అంటే గంటకు 108 కిలోమీటర్లు, అరవయ్యో వంతు సెకనులో అర మీటరు దాటేస్తుంది. ఫుట్‌బాల్ నిబంధనల ప్రకారం గోల్‌పోస్టు మందం 12 సెంటీమీటర్లకు మించకూడదు. అర మీటరు గెంతులో బంతి పోస్టుకు ఈవల ఒకసారి, ఆవల ఒకసారి కనిపిస్తే చాలు, తగిలిన జాడే ఉండదు. పోస్టులోంచి దూరిపోయినట్టే. గేమ్ ప్రోగ్రామర్లకు ఇది పాత తలనొప్పి. దీనికి టన్నెలింగ్ అని పేరు కూడా పెట్టుకున్నారు. విరుగుడు ఏమిటంటే, బంతి ఉన్న చోటుకూ ఉండబోయే చోటుకూ మధ్య బంతి మందాన ఒక గొట్టం ఉందనుకుని, ఆ గొట్టానికి ఏదైనా అడ్డం వస్తుందా అని ముందుగా చూసుకోవడం. అడ్డం వస్తే గెంతును అక్కడే ఆపి, బంతిని వెనక్కు తిప్పుతారు.

దీని పక్కనే ఇంకో ఇబ్బంది. ఎండలో ఫోను వేడెక్కితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. 60 బొమ్మలు కాస్తా 30 అవుతాయి. బంతి లెక్కను బొమ్మల లెక్కకు కట్టేస్తే గెంతు రెండింతలై, దారే మారిపోతుంది. పాతిక వేల ఫోనులో గోలైన కిక్ ఏడు వేల ఫోనులో బయటికి పోతుంది. అది అసలైన తొండి. అందుకే సరిగా రాసిన ఆటల్లో బొమ్మ గీసే పని వేరు, బంతిని లెక్కించే పని వేరు. యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో మనం మార్చకపోతే ఆ లెక్క సెకనుకు కచ్చితంగా 50 సార్లు జరుగుతుంది, బొమ్మలు ఎన్ని వచ్చినా సరే. ఒక్కో అడుగులో జరిగేది చాలా మామూలు పని. భూమ్యాకర్షణ వల్ల బంతి కిందికి పడే వేగాన్ని సెకనుకు 20 సెంటీమీటర్ల చొప్పున పెంచు, గాలి తగిలినందుకు ముందుకు పోయే వేగం కొంచెం కోసెయ్, స్పిన్ ఉంటే పక్కకు కొంచెం నెట్టు, కొత్త చోట పెట్టు. మళ్లీ మొదటికి రా. బంతి సెకను సేపు గాల్లో ఉంటే ఇదే యాభై సార్లు.

గోలీకి ముందే తెలుసు

ఇప్పుడు అసలు నిందితుడి దగ్గరకు వద్దాం.

మైదానంలో గోలీ బతుకు దుర్భరం. పెనాల్టీ స్పాట్ గోల్‌కు 11 మీటర్ల దూరం. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి 0.4 సెకన్లలో లోపలుంటుంది. కన్ను చూసి, మెదడు తేల్చి, కండరం కదలడానికే 0.2 సెకన్లకు పైగా పోతుంది. మిగిలిన సమయంలో మూడున్నర మీటర్లు దూకడం మానవమాత్రుడి వల్ల కాదు. అందుకే ముందుగా ఒక పక్క ఊహించుకుని దూకేస్తాడు. ఇజ్రాయెల్ పరిశోధకులు 286 పెనాల్టీలు చూసి 2007లో ప్రచురించిన లెక్క ప్రకారం, నూటికి దాదాపు 29 బంతులు మధ్యకే వచ్చాయి. గోలీలు మాత్రం నూటికి ఆరు సార్లే మధ్యలో నిలబడ్డారు. కదలకుండా నిలబడి గోల్ తింటే "ఏం చేస్తున్నాడు వీడు" అంటారని భయం.

ఫోనులో గోలీ పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. మీరు వేలు ఎత్తిన మరుక్షణం బంతి ఎక్కడ పడుతుందో, ఎప్పుడు పడుతుందో ఫోనుకు తెలిసిపోతుంది. ఇందాకటి యాభై అడుగులనూ ఒక్క రెప్పపాటులో లెక్కేసి చూసుకుంటే సరి. ప్రతి బంతినీ పట్టే గోలీని రాయడం కొత్త ప్రోగ్రామర్‌కు కూడా ఒక్క పూట పని. ఓడిపోయే గోలీని, అదీ నమ్మబుద్ధయ్యేలా ఓడిపోయే గోలీని రాయడమే కష్టం.

అందుకోసం తెలిసినదాన్ని మరిపిస్తారు. గోలీ కదిలే ముందు కాస్త ఆలస్యం పెడతారు. బంతి పడే చోటును గోలీకి కచ్చితంగా చెప్పకుండా ఓ అర మీటరు అటూ ఇటూగా చెబుతారు. దూకే వేగానికి, చేయి అందే దూరానికి హద్దులు పెడతారు. మొదటి లెవెల్‌లో పొరపాటు ఎక్కువ, యాభయ్యో లెవెల్‌లో తక్కువ. "అటూ ఇటూ" ఎంత అన్నది ప్రతి కిక్‌కూ ఒక యాదృచ్ఛిక సంఖ్య నిర్ణయిస్తుంది. ఒకవేళ మీరు ఏ మహిమతోనో రెండుసార్లూ మిల్లీమీటరు తేడా లేకుండా గీసినా, గోలీ రెండుసార్లూ ఒకేలా దూకకపోవడం ఇందువల్లే.

> బాక్స్: పాచికలు లేని ఫోను పాచిక ఎలా వేస్తుంది?
>
> కంప్యూటర్‌కు చెప్పింది చేయడం తప్ప ఇంకేమీ రాదు. దానికి యాదృచ్ఛికత అంటే ఒక నటన. డెరిక్ లేమర్ అనే అమెరికన్ గణితవేత్త 1949లో చెప్పిన పద్ధతి కుటుంబానికి చెందిన చిన్న ఉదాహరణ చూడండి. ఏదైనా సంఖ్య తీసుకోండి. ఐదుతో హెచ్చించి, మూడు కలిపి, 16తో భాగిస్తే మిగిలే శేషం తీసుకోండి. ఆ శేషంతో మళ్లీ అదే పని.
>
> 7తో మొదలుపెడితే: 6, 1, 8, 11, 10, 5, 12, 15, 14, 9...
>
> చూడటానికి క్రమం లేనట్టే ఉంది. ఒక్కటి గమనించండి. సరి, బేసి, సరి, బేసి... ఒకటి తర్వాత ఒకటి తప్పకుండా వస్తున్నాయి. బేసి వస్తే ఎడమకు, సరి వస్తే కుడికి దూకమని గోలీకి చెబితే, పదేళ్ల పిల్లాడు పది కిక్కుల్లో కనిపెట్టేస్తాడు. నిజమైన ఆటల్లో వాడే సూత్రాలకు సంఖ్యలు చాలా పెద్దవి, లోపాలు చాలా తక్కువ. మొదటి సంఖ్య ఒకటే అయితే మాత్రం మొత్తం వరుస మళ్లీ అచ్చం అలాగే వస్తుంది. అందుకే మొదటి సంఖ్యను తరచూ ఫోను గడియారం నుంచి తీసుకుంటారు.

ఇక్కడ యంత్రం కంటే మనిషే వింత. గోల్ పడే అవకాశం నూటికి 75 అని చెప్పి, వరుసగా రెండుసార్లు తప్పితే ఎవరూ ఒప్పుకోరు. నిజానికి సగటున పదహారు జతల కిక్కుల్లో ఒక జతకు అలా జరుగుతుంది. 'సివిలైజేషన్' ఆటల రూపకర్త సిడ్ మేయర్ 2010లో గేమ్ డెవలపర్ల సదస్సులో సరిగ్గా ఈ సంగతే వివరించాడు. తమకు మూడింతలు అనుకూలమైన యుద్ధంలో ఓడిపోతే ఆటగాళ్లు లెక్క తప్పిందని గొడవపడేవారు. తమకు ప్రతికూలంగా ఉన్నప్పుడు గెలిస్తే మాత్రం అది తమ ప్రతిభ. చివరికి ఆయన బృందం లెక్కను మనుషుల మనసుకు తగ్గట్టు వంచింది. నిజాయతీగా వేసిన పాచిక తొండిలా కనిపిస్తుంది, తొండి పాచిక న్యాయంగా కనిపిస్తుంది.

పోస్టుకు తగిలి బయటికి పోయే బంతిదీ ఇదే దారి. కొద్దిలో తప్పిన ఓటమి మనిషిని మామూలు ఓటమిలా నిరుత్సాహపరచదు. స్లాట్ మెషీన్ లాంటి ఆట ఆడుతున్నవాళ్ల మెదళ్లను స్కాన్ చేసిన బ్రిటిష్ పరిశోధన ఒకటి 2009లో 'న్యూరాన్' పత్రికలో వచ్చింది. కొద్దిలో తప్పినప్పుడు వాళ్లకు బాధగానే ఉంది, అయినా మళ్లీ ఆడాలన్న కోరిక పెరిగింది. గెలిచినప్పుడు చురుకయ్యే మెదడు భాగాలు కొన్ని అప్పుడూ చురుకయ్యాయి. 'టంగ్'మన్న పోస్టు చప్పుడుకు ఆటల్లో అంత శ్రద్ధ ఎందుకు పెడతారో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

అవతల మనిషి ఉంటే

ఆన్‌లైన్‌లో ఇంకొకరితో ఆడేటప్పుడు ఫోనులు వీడియో పంపుకోవు. మీ గీతలోని ఆ మూడు అంకెలూ, యాదృచ్ఛిక వరుసకు మొదటి సంఖ్యా పంపితే చాలు, అవతలి ఫోను అదే కిక్‌ను తనంతట తానే తిరిగి లెక్కించుకోగలదు. కాకపోతే దశాంశాల చివర రెండు ఫోన్ల లెక్కలు ఒక్క వెంట్రుకవాసి తేడాగా వచ్చినా ఒకచోట గోల్, ఇంకోచోట పోస్టు కావచ్చు. ఆ తగువు తీర్చడానికే తుది తీర్పు సర్వర్‌కు వదిలేస్తారు.

సర్వర్ సింగపూర్‌లో ఉందనుకోండి. హైదరాబాద్ నుంచి సూటిగా 3,300 కిలోమీటర్లు. ఫైబర్ తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఏ అడ్డంకీ లేకపోయినా పోయి రావడానికి సెకనులో ముప్ఫయ్యో వంతు పడుతుంది. అంటే రెండు బొమ్మలు దాటిపోయినట్టు. మధ్యలో టవర్లు, మలుపులు, రద్దీ కలిస్తే ఇంకా చాలా ఎక్కువ. దీన్ని దాచడానికి ఓ చక్కటి ఉపాయం ఉంది. మీరు వేలు ఎత్తాక తెర మీద ఆటగాడు నాలుగడుగులు పరుగెత్తుకొచ్చి కొడతాడు. ఆ అర సెకను పరుగులోపే మీ కిక్ సింగపూర్ వెళ్లి తిరిగి రావచ్చు.

ప్యాక్ తెరిచే ముందు

గోలీని అటూ ఇటూ దూకించే ఆ యాదృచ్ఛిక సంఖ్య లాంటిదే, ఆటలో కొనుక్కునే ప్యాక్‌లోంచి ఏ ఆటగాడి కార్డు రావాలో కూడా తేలుస్తుంది. ఎయిమ్ అసిస్ట్‌తో మీ పక్షాన ఆడిన తొండి ఇక్కడ ఉండదు. డబ్బు మీది, పాచిక వాళ్లది. ఇలా అదృష్టం మీద ఆధారపడే పెట్టెల్లో ఏది వచ్చే అవకాశం ఎంతో కొనేముందే చూపించాలని యాపిల్ 2017 డిసెంబరులో తన యాప్ స్టోర్‌లో నిబంధన పెట్టింది. ప్యాక్ బొమ్మ పక్కన సాధారణంగా చిన్న 'ఐ' గుర్తు ఉంటుంది, నొక్కి చూడండి.

అక్కడ ఒక మేటి ఆటగాడి పేరు ఎదురుగా 1 శాతం అని ఉంటే, వంద ప్యాక్‌లు కొంటే ఒకటి ఖాయమని చాలామంది అనుకుంటారు. ఇన్ని కొంటే తప్పకుండా ఇస్తామని ఆట విడిగా మాట ఇచ్చి ఉంటే తప్ప, అది నిజం కాదు. ప్రతి ప్యాక్‌కూ పాచిక మళ్లీ కొత్తగా పడుతుంది. లెక్క వేస్తే, వందేసి ప్యాక్‌లు కొన్న వంద మందిలో సుమారు 37 మందికి ఆ ఆటగాడు ఒక్కసారి కూడా రాడు.